ఉప్పెనకు ముందే సిద్ధపడవలసిన గురువు

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ, కార్తీకమాసపు శనివారమునాడు, కోతకు వచ్చిన వరిచేలను దాటి, పదిహేనడుగులకు మించిన యెత్తున సముద్రము కృష్ణాజిల్లాలోని దివిసీమపై విరుచుకుపడి పాలకాయతిప్ప, సొర్లగొంది, హంసలదీవి మొదలగు తీరగ్రామములను ముంచివేసినప్పుడు, ప్రభుత్వపు లెక్కల చొప్పుననే పదివేలకు చేరువగా జనులు అసువులు బాసిరి. వారిలో స్త్రీలును పసివారును అధికము. తాటిచెట్లను, ముళ్లకంపలను పట్టుకొని బ్రతికి బయటపడినవారికి అన్నవస్త్రములు సమకూర్చుటకు దేశము నలుమూలలనుండి సేవకులు తరలివచ్చిరి. 1975లో విద్యాశాఖామాత్యులుగా ప్రపంచ తెలుగు మహాసభలను నిర్వహించిన అవనిగడ్డ ప్రతినిధి మండలి వెంకటకృష్ణారావుగారు తమ సీమను నిలబెట్టు ఆ కార్యమునకు తమ్ము తాము అర్పించుకొనిరి. కూలిన ఇండ్లు, పోయిన పశువులు, ఉప్పుబారిన ఎకరములు అన్నియు లెక్కకు వచ్చినవి. బ్రతికిన బిడ్డ హృదయములో ఏమేమి కూలినదో లెక్కించు విద్య మాత్రము మన దేశమున అప్పటికింకను శైశవదశలోనే యుండెను.

ఈ నేలకు అది మొదటి దెబ్బయు కాదు, కడపటిదియు కాలేదు. 1864 నవంబరు 1వ తేదీనాటి ఉప్పెనలో బందరు పట్టణమునందును పరిసరములందును 30 వేలమంది నశించిరని చరిత్ర చెప్పుచున్నది. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వార సమీపమున తీరము దాటిన పెనుతుఫాను వందలాది ప్రాణములను గొన్నది. 2004 డిసెంబరు 26న సునామీ తరంగములు మంగినపూడి తీరమును తాకినవి. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీని దాటి వచ్చిన 11 లక్షల క్యూసెక్కుల వరద దివిసీమ లంకలను ముంచినది. 2024 సెప్టెంబరులో అంతకును మించిన ప్రవాహముతో కృష్ణయు, గట్లు తెగిన బుడమేరును పొంగి, విజయవాడ మొదలుకొని గుడివాడ ప్రక్కనున్న నందివాడ మండలము దాక ఎన్నో కుటుంబములను నీటిపాలు చేసినవి. ఇవి పత్రికల కెక్కిన విపత్తులు. వేటకు పోయి తిరిగిరాని తండ్రి, అప్పులకు తాళలేక పురుగుమందు త్రాగిన కౌలురైతు, పొలముగట్టున పాముకాటునకు గురియైన తల్లి, నిత్యము త్రాగివచ్చి ఇంటిల్లిపాదిని కొట్టు పెద్దదిక్కు, ఇవి పత్రికల కెక్కని విపత్తులు. బిడ్డ మనస్సునకు ఇవి చేయు గాయము తుఫాను చేయు గాయమునకు ఏమాత్రమును తీసిపోదు.

ఇట్లు గాయపడిన బిడ్డ, పది దినములకో నెల దినములకో వచ్చి కూర్చుండునది ఉపాధ్యాయుని యెదుట. వైద్యుడు పట్టణమున నుండును. మనోవైద్యుడు ఇంకను దూరమున నుండును. ఉపాధ్యాయుడొక్కడే ప్రతిదినము, ఒకే వేళకు, ఒకే చోట ఆ బిడ్డకు కనబడు పెద్దమనిషి. ఆతడు వైద్యుడు కానక్కరలేదు. కాని ఆతడు సిద్ధపడి యుండవలెను; విపత్తు వచ్చిన పిమ్మట నేర్చుకొనుటకు తీరిక దొరకదు గనుక, ఆ సిద్ధపాటు విపత్తునకు ముందే జరిగియుండవలెను. ఈ అధ్యాయము చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

గాయమును గుర్తించుట

భయము ప్రాణరక్షణకై ప్రకృతి యొసగిన సాధనము. ప్రమాదము తొలగగానే భయమును తొలగుట సహజము. కాని మహావిపత్తును కన్నులార చూచిన బాలుని దేహము ప్రమాదము గడచినదని ఎరుగక రేయింబవళ్లు కాపలా కాయుచునే యుండును. తాటాకులు గలగలలాడినను, రేకుల కప్పుపై చినుకులు రాలినను, బందరు రేవులో ప్రమాదసూచిక ఎగురవేసిరని మైకులో వినవచ్చినను వాని గుండె వడివడిగా కొట్టుకొనును, అరచేతులు చెమర్చును, చూపు తలుపువైపు పరుగెత్తును. ఆ క్షణమున ఎక్కము అప్పగింపుమనిన వాడు అప్పగింపలేడు. వాని బుద్ధి యంతయు కాపలాకు పోయియున్నది. దీనిని సోమరితనమనియు, మొండితనమనియు పొరబడుట ఉపాధ్యాయుడు మొదట మానుకొనవలసిన పని.

లక్షణములు వయస్సును బట్టి మారును. అయిదారేండ్ల పసివారు విడిచిపెట్టిన అలవాట్లకు మరలుదురు: పక్క తడుపుదురు, వ్రేలు చప్పరింతురు, తల్లి కొంగు విడువరు. ఎనిమిది పదేండ్ల వారు కడుపునొప్పియనియు తలనొప్పియనియు చెప్పుదురు, చదివినది మరతురు, కారణము కనబడకయే తోటివారిపై చేయి చేసికొందురు. ఎదిగిన పిల్లలు మౌనము వహింతురు. నిద్రపట్టక తరగతిలో తూగుదురు. తోబుట్టువు పోగా తాము బ్రతికియుండుట నేరమేమో యని లోలోపల కుములుదురు. తల్లిని కోల్పోయి తమ్ములకు చెల్లెండ్రకు తానే తల్లియై, తరగతిలో ఏ అల్లరియు చేయక, చెప్పిన పనియెల్ల చేయుచు, ఎన్నడును ఏడువని బాలిక యొకతె యుండును. అందరు మెచ్చుకొను ఆ బాలికనే ఉపాధ్యాయుడు అందరికంటె జాగ్రత్తగా చూడవలెను, ఏలయన ఆమె బరువు ఎవరికంటను పడదు.

ఆటలను గమనించుటయు నేర్చుకొనవలసిన విద్య. 1976లో అమెరికాలోని చౌచిల్లా యను ఊర 26 మంది బడిపిల్లలను బస్సుతో సహా దుండగులు అపహరించుకొనిపోగా, పిల్లలందరును ప్రాణములతో తిరిగివచ్చిన పిమ్మట వారిని పరిశీలించిన వైద్యురాలు లెనోర్ టెర్, ఆ బాలలు తమకు జరిగినదానినే ఆటగా మరల మరల ఆడుచుండిరనియు, ఆ ఆటలో సంతోషము కానరాలేదనియు గుర్తించెను. ఇసుకలో ఇల్లు కట్టి నీరు పోసి కూల్చు ఆటను దివిసీమ బాలుడు పదేపదే ఆడుచున్నయెడల వానిని గద్దింపరాదు. ప్రక్కన కూర్చుండి, కూలిన ఇంటినుండి జనులను గట్టు మీదికి చేర్చు పడవ యొకటి ఆ ఆటలోనికి తెచ్చి, కథకు ఒక దారి చూపవలెను.

ఇండ్లలో పెద్దలు బిడ్డ జడుసుకొన్నాడని తాయెత్తు కట్టింతురు, దిష్టి తీయుదురు. ఉపాధ్యాయుడు దీనిని పరిహసింపరాదు. బిడ్డ బాధను ఆ కుటుంబము గుర్తించినదనుటకు అదియే సాక్ష్యము. "ఎప్పటినుంచి జడుసుకుంటున్నాడమ్మా? రాత్రి నిద్ర పడుతోందా?" అని అక్కడినుండియే సంభాషణ మారంభించిన తల్లి మనసు విప్పి చెప్పును.

బడి తెరచిన మొదటి దినములు

మన తీరప్రాంతమున బడియే పునరావాస కేంద్రమగుట పరిపాటి. కట్టుబట్టలతో వచ్చిన కుటుంబములు తరగతి గదులలోనే వండుకొని, అచ్చటనే నిద్రించి, అచ్చటనే తమవారి మరణవార్తలు వినును. అట్టి గది మరల తరగతిగా మారుట ఊరక తాళము తీసినంతనే జరుగదు. నేల కడిగి, గోడకు సున్నము వేసి, గడపకు పసుపు రాచి, మామిడి తోరణము కట్టి, పిల్లలచేతనే బల్లలు సర్దించి, ఎవరి చోటు వారికి చూపించిన యెడల, ఇది మరల మన బడియైనదని పసిమనస్సు నమ్మును.

పిమ్మట కావలసినది క్రమము. గంట ఒకే వేళకు మ్రోగవలెను. ప్రార్థన, హాజరు, పాఠము, మధ్యాహ్న భోజనము, ఆట ఒకే వరుసలో నడువవలెను. ఏదేని మార్పు కలుగనున్న యెడల ముందుగా చెప్పవలెను. సమస్తమును ఒక్క గంటలో తలక్రిందులైన బిడ్డకు, తరువాత ఏమి జరుగునో తెలిసియుండుటకంటె గొప్ప ఓదార్పు లేదు. ఉప్పెన పిదప ఉప్పుబారిన చేలను రైతు ఒక్క తడితో బాగుచేయలేడు. కాలువనీరు పెట్టి, నిలువగట్టి, తీసివేసి, మరల పెట్టి, ఇట్లు ఎన్నో తడులకు గాని ఆ నేల నారును నిలుపుకొనదు. బిడ్డ మనస్సునకును ఒక్కనాటి ఘనమైన ఓదార్పుకంటె ప్రతినాటి చిన్న ఆదరణయే చికిత్స.

రెండవ ప్రపంచయుద్ధకాలమున లండనులోని హాంప్‌స్టెడ్‌లో శిశునిలయములను నడపిన అన్నా ఫ్రాయిడ్, డొరతీ బర్లింగ్‌హామ్ అను విదుషీమణులు, బాంబుల భయముకంటె అయినవారి యెడబాటే పసివారిని ఎక్కువగా క్రుంగదీయుచున్నదని గ్రహించి, పిల్లలను చిన్నచిన్న కుటుంబములుగా విభజించి, ఒక్కొక్క గుంపునకు ఒక స్థిరమైన పరిచారికను ఏర్పరచిరి. మన బడులలోను ఇది సాధ్యమే. ప్రధానోపాధ్యాయుడు గాయపడిన ప్రతి బిడ్డకు ఒక్కొక్క ఉపాధ్యాయుని పేరు నిర్ణయింపవలెను. ఆ ఉపాధ్యాయుడు ఉదయము పేరు పెట్టి పలుకరించి, భోజనవేళ చూచి, సాయంకాలము "రేపు కలుద్దాం నాన్నా" అని సాగనంపవలెను. దీనికి వ్యయము లేదు; కాని విడువకుండ చేయు నియమము కావలెను.

హాజరుపట్టీలో మిగిలిన పేరు

విపత్తు పిదప తరగతిలో అత్యంత కఠినమైన క్షణము హాజరు పిలుచుట. మరణించిన బాలుని పేరు అలవాటుగా పిలిచినయెడల తరగతి యంతయు నిశ్చేష్టమగును. ఏమియు జరుగనట్లు దాటివేసిన యెడల, తాము పోయినను ఇట్లే మరచిపోదురని మిగిలిన పిల్లలు నేర్చుకొందురు. కనుక పట్టీ తెరచుటకు ముందే ఉపాధ్యాయుడు నిలబడి, స్పష్టముగా, మెల్లగా చెప్పవలెను: "మన తరగతి అబ్బాయి గాలివానలో చనిపోయాడు. ఇక బడికి రాడు. మనందరికీ బాధగానే ఉంది. ఏడుపొస్తే ఏడవండి, రాకపోయినా తప్పులేదు. నేను మీ దగ్గరే ఉంటాను." పిమ్మట ఆ బాలుని గూర్చి మంచిమాట చెప్పదలచినవారిని చెప్పనిచ్చి, వాని చోటు కొంతకాలము ఖాళీగా నుంచి, ఆ చోటు ఎప్పుడు సర్దవలెనో పిల్లలతోనే ఆలోచించి నిర్ణయింపవలెను.

మరణమును గూర్చి చిన్నబిడ్డ యడిగినప్పుడు తల్లి ఊరికి పోయినదనియు, నిద్రపోయినదనియు చెప్పుట మన యిండ్లలో ప్రేమతోనే జరుగుచుండును. అయినను ఊరికి పోయిన తల్లికై ఆ బిడ్డ వీధిగుమ్మమున కాచుకొనియుండును. నిద్రపోయి మరణించెనని విన్న బిడ్డ తాను నిద్రపోవుటకు వెరచును. చిన్న మాటలలో నిజము చెప్పుటయే కరుణ. దేవుడు, పరలోకము మొదలగు విశ్వాసములను ఆయా కుటుంబములు తమతమ మతాచారము ననుసరించి చెప్పుకొనును. ఉపాధ్యాయుడు వాని నెదిరింపనక్కరలేదు.

వినుట, పలుకుట

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2011లో వెలువరించిన మానసిక ప్రథమచికిత్స గ్రంథము సహాయకునకు మూడు కర్తవ్యములను నిర్దేశించుచున్నది: చూచుట, ఆలకించుట, తగిన సహాయముతో కలుపుట. జరిగినదంతయు వివరముగా చెప్పుమని బలవంతము చేయుట ఇందు లేదు. అట్టి బలవంతము మేలు చేయదనియే వైద్యశాస్త్రము నేడు చెప్పుచున్నది. కావున ఎవరేమి చూచిరో లేచి చెప్పుడని తరగతిలో అడుగరాదు. పరామర్శకు వచ్చిన పెద్దలయెదుట, ఛాయాచిత్రకారులయెదుట అదే బిడ్డను పదిమార్లు నిలబెట్టి అదే కథ చెప్పించుటను ప్రధానోపాధ్యాయుడు సవినయముగా, కాని దృఢముగా నివారింపవలెను.

బిడ్డ తానై చెప్పినప్పుడు మాత్రము పని విడిచి వినవలెను. "తమ్ముడి చెయ్యి వదిలేశాను మాస్టారూ" అని ఒక బాలుడు చెప్పినప్పుడు, "అవన్నీ తలుచుకోకు" అని నోరు మూయింపరాదు. వాని ఎత్తునకు వంగి, "నీ చెయ్యి చిన్నది నాన్నా, ఆ నీళ్ల బలం పెద్దది. నువ్వు వదల్లేదు, నీళ్లు లాక్కుపోయాయి" అని చెప్పవలెను. ఒకసారి చెప్పిన చాలదు. వాడు అడిగినప్పుడెల్ల అదే మాట, అదే స్వరముతో చెప్పవలెను. మాటలు రాని బిడ్డకు బొమ్మలు గీయు కాగితము, మట్టి, పాట, కోలాటము ద్వారములగును.

తరగతిలో నున్నట్టుండి భయావేశము కలిగిన బిడ్డను చుట్టును మూగనీయరాదు. వెనుకనుండి పట్టుకొనరాదు. ఎదుటికి వచ్చి, పేరు పెట్టి పిలిచి, పాదములను నేలపై ఆనించుమని చెప్పి, కనబడుచున్న అయిదు వస్తువుల పేర్లు చెప్పించి, ఊపిరి మెల్లగా పీల్చి అంతకంటె మెల్లగా విడుచుటను తాను చేసి చూపవలెను. ఈ సాధనను భయము లేని దినములలో తరగతి యంతటిచేతను ఆటగా చేయించిన యెడల, భయము కలిగిన దినమున అది చేతికందును.

బెత్తము విషయము వేరుగ చెప్పవలసియున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను శారీరక దండనమును, మానసిక వేధింపును నిషేధించినది. చట్టము లేకున్నను గాయపడిన బిడ్డపై చేయెత్తుట తగదు. ఏలయన ఎత్తిన చేయి వాని కంటికి గురువు చేయిగా కనబడదు, మొదటి విపత్తే మరల వచ్చినట్లుండును. హద్దులు ఉండవలెను, కొట్లాడిన బాలుని ఆపవలెను, కొంతసేపు ప్రక్కన కూర్చుండబెట్టవలెను. కాని స్వరము పెంచక, అవమానింపక, శాంతించిన పిమ్మట వానిచేతనే తప్పు సరిదిద్దించుట వలన హద్దు నిలుచును, నమ్మకమును నిలుచును.

గురువు చేయి దాటిన సందర్భములు

మొదటి నెలలో కనబడు బెదురు, పీడకలలు, ఏడుపు చాలవరకు సహజములు. ఆదరణ, క్రమము దొరికినప్పుడు అధికులలో నెమ్మదించును. నెల గడచినను తగ్గక హెచ్చుచున్నను, బిడ్డ అన్నము మానినను, చచ్చిపోవలెనని పలికినను, ఉపాధ్యాయుడు జాప్యము చేయక తల్లిదండ్రులతో మాటలాడి వైద్యునివద్దకు చేర్పవలెను. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ అను మానసిక ఆరోగ్యసేవకు 14416 సంఖ్యకు ఎవరైనను ఫోను చేయవచ్చును. బిడ్డకు ఇంటనో వెలుపలనో హింస జరుగుచున్నదని తెలిసినప్పుడు 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ కలదు. లైంగిక దౌర్జన్యము విషయమున 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము తెలియజేయుట విధి. ఉపాధ్యాయుడు తానే విచారణ చేయబూనక, విన్న మాటను విన్నట్లు వ్రాసికొని, అధికారులకు తెలిపి, బిడ్డ పేరు సిబ్బంది గదిలో చర్చనీయాంశము కాకుండ కాపాడవలెను. "ఎవరికీ చెప్పను" అని బిడ్డకు మాట యివ్వరాదు. "నీకు సాయం చేయగలిగినవాళ్లకే చెబుతాను" అనుట సత్యము.

గురువునకును గాయము కలదు

వరద ఉపాధ్యాయుని ఇంటిని విడిచిపెట్టదు. తన గృహము మునిగి, తనవారిని పోగొట్టుకొని, మరునాడే బియ్యము పంచు విధులలో నిలిచిన ఉపాధ్యాయులు ఈ జిల్లాలో ఎందరో కలరు. తన దుఃఖమును దిగమ్రింగుటయే ధైర్యమని భావించువాడు కొన్ని మాసములకు విసుగునకును, నిస్పృహకును, పిల్లలపై అకారణ కోపమునకును లోనగును. కావున ప్రతి బడిలోను ఇద్దరిద్దరు ఉపాధ్యాయులు జతగా ఏర్పడి, వారమునకొకమారైనను ఒకరి మాట ఒకరు వినవలెను. భారము మోయలేని దినమున తన తరగతిని జతగానికి అప్పగించు స్వాతంత్ర్యము ఉండవలెను. దీనిని బలహీనతగా గాక వృత్తిధర్మముగా ప్రధానోపాధ్యాయులు గుర్తింపవలెను.

శిక్షణ ఎట్లుండవలెను

2001 గుజరాతు భూకంపము పిదపను, 2004 సునామీ పిదపను బెంగుళూరులోని నిమ్హాన్స్ మానసిక ఆరోగ్యసంస్థ అనుసరించిన మార్గము మనకు ధైర్యమొసగుచున్నది: నిపుణులు కొద్దిమందియే యుండుదురు గనుక, బాధితులకు చేరువనున్న సామాన్య కార్యకర్తలకే మానసిక సహాయపు మెలకువలను నేర్పుట. కృష్ణాజిల్లాకు గుడివాడ ప్రక్కన అంగలూరులో జిల్లా విద్యాశిక్షణ సంస్థ కలదు. మండలమండలమునను స్కూలు కాంప్లెక్సు సమావేశములు కలవు. కొత్త భవనములు అక్కరలేదు, ఉన్న వేదికలే చాలును.

తుఫానుల కాలము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ముఖ్యముగా సాగును గనుక, జూలై ఆగస్టు మాసములలోనే నాలుగు కూటములు జరుపవలెను. మొదటి కూటమున లక్షణములను గుర్తించుట. రెండవ దానిలో పలుకుట, వినుట. మూడవ దానిలో బడి తిరిగి తెరచు క్రమమును, హాజరుపట్టీ సందర్భమును, భయావేశమును శాంతింపజేయుటను స్వయముగా చేసి చూచుట. నాల్గవ దానిలో ఆరోగ్యకేంద్రము, శిశుసంక్షేమ సమితి, పోలీసు, అంగన్‌వాడీ కార్యకర్తలతో ముఖాముఖి పరిచయము. ఉపన్యాసము విని కాగితము తీసికొనిపోవుట వలన ఈ విద్య రాదు. ఒకరు బాలుడుగాను, ఒకరు గురువుగాను, ఒకరు పరిశీలకుడుగాను కూర్చుండి, కఠినమైన మాటను నోట పలికి చూచినప్పుడే, ఆ మాట అవసరమైన దినమున గొంతు దాటి వచ్చును. పిమ్మట నెలనెలా జరుగు సమావేశములో అరగంట ఈ విషయమునకే కేటాయించి, పేరు చెప్పక ఒక్కొక్క బిడ్డ సమస్యను కలిసి ఆలోచింపవలెను.

దివిసీమలో ఏటేటా నవంబరు 19న ఉప్పెన మృతులకు నివాళు లర్పించు ఆచారము కలదు. ఆ దినము సమీపించుకొలది పాతగాయములు సలుపుట సహజమని ఉపాధ్యాయుడెరిగి, ఆనాటి పాఠమును భయవర్ణనతో నింపక, బ్రతికినవారు ఒకరినొకరు ఎట్లు ఆదుకొనిరో, ఇప్పుడు హెచ్చరికలు ఎట్లు అందుచున్నవో, తుఫాను రక్షణ భవనమునకు ఏ దారిని పోవలెనో చెప్పవలెను. పిల్లలను వెంటబెట్టుకొని ఆ దారిని నడిపింపవలెను. ఏమి చేయవలెనో తెలిసిన బిడ్డకు భయము సగమగును.

ఈ అధ్యాయము చదివిన ఉపాధ్యాయులు ఈ వారములోనే మూడు పనులు చేయుదురుగాక: తరగతిలో ఏ బిడ్డకు ఏ కష్టము కలదో తల్లిదండ్రులను కలిసి తెలిసికొనుట, తమ జతగానిని ఎంచుకొనుట, 14416, 1098 సంఖ్యలను, దగ్గరి ఆరోగ్యకేంద్రపు సంఖ్యను సిబ్బంది గదిలో వ్రాసి అంటించుట. సముద్రమును ఆపుట మన చేతిలో లేదు. సముద్రము వెనుకకు పోయిన పిదప ఆ బిడ్డకు ఎట్టి గురువు ఎదురగునో అది మాత్రము పూర్తిగా మన చేతిలోనిది. ఆ గురువును నేడే తయారుచేసికొనుట విద్యాశాఖకును, శిక్షణసంస్థలకును, ప్రతి ఉపాధ్యాయునకును వాయిదా వేయరాని కర్తవ్యము.